‘చానెల్’, ‘కెనాల్’ పదముల యర్థభేదము
(పెనుకొండసీమ జలమార్గములను బట్టి విమర్శ)

ఆంగ్లభాషలో ‘చానెల్’, ‘కెనాల్’ అను రెండు పదములు కలవు. మన పాఠశాలలలో వ్యవహరించు ఆంగ్లాంధ్ర పదకోశములు పెక్కు రెంటికిని ‘కాలువ’ యనియే యర్థము వ్రాయుచున్నవి. వాక్యమునకు వాక్యము కూర్చు విద్యార్థికి ఇంతమాత్రము చాలవచ్చును. శాసనమును, చట్టమును, గ్రామలెక్కను, దేశచరిత్రమును అనువదించువానికి ఇది చాలదు. ఈ పదములకుఁ గల భేదము స్వల్పముగాఁ గనఁబడును. కాని ఒకదానిచోట మఱియొకదానిని నిలిపినచో లేని కట్టడము ఉన్నట్లును, ఉన్న హక్కు లేనట్లును తోఁపవచ్చును.

ఈ విషయమును పరీక్షించుటకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములకంటె తగిన తావు దుర్లభము. పూర్వము అనంతపురము జిల్లాలో తాలూకాలై, 2022వ సంవత్సరమునుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్న యీ సీమలో పెన్న, చిత్రావతి, జయమంగలి మున్నగు నదులు పాఱుచున్నవి. ఏటియిసుకలో త్రవ్విన ఊటకాలువ మొదలుకొని శ్రీశైలమునుండి కృష్ణానీటిని తెచ్చు పెద్దకాలువ దాఁక అన్నితీరుల జలమార్గములను ఈ నేల యెఱుఁగును. తెలుఁగును కన్నడమును కలసి వినఁబడు సీమ యగుటచే పదచరిత్రమునకును ఇచట సాక్ష్యము దొరకును.

1. పూర్వపక్షము

ఉపాధ్యాయులలో కొందఱు ఈ పదములకు భేదము చెప్పకపోలేదు. ‘చానెల్’ స్వాభావికము, ‘కెనాల్’ కృత్రిమము అని వారు బోధింతురు. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమనున్న సముద్రపుపాయ ‘ఇంగ్లిష్ చానెల్’. దాని నెవ్వరును త్రవ్వలేదు. 1869లో తెఱవఁబడిన సూయెజ్, 1914లో తెఱవఁబడిన పనామా ‘కెనాల్’లు, అవి మనుష్యులు త్రవ్వినవి. ఉదాహరణములు సరియైనవే. కాని వీనినుండి తీసిన సూత్రము నిలువదు. వైద్యశాస్త్రమున చెవిలోని నాళమును, కడుపులోని యన్నమార్గమును ‘కెనాల్’ అందురు. వానిని త్రవ్విన వాఁ డెవఁడు? మఱియొకవైపు, చెన్నపురి రాజధానిలో నీటిపాఱుదల యధికారులు వ్రాసిన కాగితములలో రైతులు పారలతో త్రవ్వినవి ‘చానెల్’లు. ఏటినుండి తీసినది ‘రివర్ చానెల్’, ఊటనుండి తీసినది ‘స్ప్రింగ్ చానెల్’, చెఱువునకు నీరు చేర్చునది ‘సప్లయి చానెల్’. వీనిలో నేదియు స్వభావసిద్ధము కాదు. కావున ఈ లక్షణమునకు అవ్యాప్తియు నతివ్యాప్తియుఁ గలుగుచున్నవి.

పెద్దది ‘కెనాల్’, చిన్నది ‘చానెల్’ అందమా? నౌకలు తిరుగు సముద్రపుపాయయే ‘చానెల్’ అయినపుడు ఆ మాటయు నిలువదు. కాఁబట్టి స్వాభావికత్వముగాని పరిమాణముగాని భేదమునకు మూలము కాదు. మూలమును పదముల పుట్టుకలో వెదకవలయును.

2. వ్యుత్పత్తి

రెండు పదములకును తల్లి ఒక్కతియే. లాటినుభాషలో ‘కనాలిస్’ అనఁగా గొట్టము, దోనె, నీరు పోవు తూము. అది రెల్లు అను నర్థము గల ‘కన్న’ యను పదమునుండి పుట్టినది. రెల్లుకాడ బోలుగా నుండుటయే యీ పేరునకు హేతువు. ఈ ‘కనాలిస్’ ప్రాచీన ఫ్రెంచివారి నోటఁబడి ‘చనెల్’ అయి, 1300 ప్రాంతమున ఆంగ్లమునఁ బ్రవేశించి ‘చానెల్’గా స్థిరపడినది. తరువాత 15వ శతాబ్దిలో విద్వాంసులు మరల మూలరూపమునకు దగ్గఱగా ‘కెనాల్’ అని గ్రహించిరి. అప్పుడు దాని యర్థము గొట్టము. త్రవ్విన జలమార్గ మను నర్థము 17వ శతాబ్దిలోఁ గాని వ్యాపింపలేదు.

మన వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న ‘చానెల్’ తద్భవము, ‘కెనాల్’ తత్సమము. కకారము చకారమగుట మనకు క్రొత్త గాదు. కన్నడమున ‘కెఱె’, తెలుఁగున ‘చెఱువు’. అచట ‘కివి’, ఇచట ‘చెవి’. అచట ‘కెడు’, ఇచట ‘చెడు’. హిందూపురపు సంతలో నిలుచున్నవానికి ఈ మార్పు పుస్తకము తెఱవకయే తెలియును. ఫ్రెంచిలో అకారమునకు ముందు జరిగిన మార్పు తెలుఁగున ఇ, ఎ మున్నగు స్వరములకు ముందు జరిగినది. స్వరములు వేఱైనను వర్ణపరిణామము ఒక్కతీరుదే.

ఒకేపదము రెండుమార్లు భాషలోనికి వచ్చినపుడు రెండురూపములును ఒక్క యర్థముతో చిరకాలము బ్రదుకవు. ‘యాత్ర’యే ‘జాతర’ యైనది. కాని కాశికిఁ బోవుట యాత్ర, ఊరిదేవతకుఁ జేయునది జాతర. ‘ఆజ్ఞ’యే ‘ఆన’ యైనది. కాని అధికారి యిచ్చునది ఆజ్ఞ, దేవునిమీఁదఁ బెట్టుకొనునది ఆన. వీనిలో నొకదానికి మఱియొకటి పర్యాయమని వ్రాయు తెలుఁగుపండితుఁ డుండఁడు. ఆంగ్లపదముల విషయమున మాత్రము ఆ యెచ్చరిక మనకు సడలినది.

ఇఁక నర్థపరీక్ష. పదముయొక్క స్వభావము లక్షణార్థములందు స్పష్టముగాఁ గనఁబడును. ఉద్యోగి తన పైయధికారి ద్వారమున విన్నపము పంపినచో ‘ప్రాపర్ చానెల్’ ద్వారా పంపెననుట కచేరీభాష. టెలివిజనులో వార్తలు వచ్చునవి ‘చానెళ్లు’. ఉత్సాహమును మంచిపనికి మరలించుటయు ఆంగ్లమున ఆ పదమునుండి వచ్చిన క్రియయే. ఈ తావులలో నెందును ‘కెనాల్’ పొసఁగదు. ‘కెనాల్’ నుండి పుట్టిన క్రియకు నదిని కట్టలనడుమ బంధించి తిన్నగాఁ జేయుట యని ముఖ్యార్థము. దీనినిబట్టి తేలున దేమి? ‘చానెల్’ అనునపుడు మనస్సు పోవుచున్న వస్తువుమీఁద నిలుచును. ‘కెనాల్’ అనునపుడు దానిని పట్టియుంచు పాత్రముమీఁద నిలుచును. శాస్త్రకారుల మాటలలో మొదటిది ఆధేయప్రధానము, రెండవది ఆధారప్రధానము. చెవినాళము ‘కెనాల్’ అగుటకును కారణ మిదియే. అచట వైద్యుని దృష్టి గొట్టముమీఁదనే కాని ప్రవాహముమీఁద లేదు.

3. సంస్కృతకోశ సాక్ష్యము

ఈ భేదము మన పూర్వులకుఁ దెలియని దనుకొనరాదు. అమరసింహుఁడు వారివర్గమున ‘కుల్య’కు అల్పమును కృత్రిమమును అగు నది యని యర్థము చెప్పెను. అచ్చటనే ‘ప్రణాళి’కి నీటియొక్క త్రోవ యని చెప్పెను. మొదటి నిర్వచనమున త్రవ్విన చేయి కనఁబడుచున్నది. రెండవదానిలో పోవు నీరు కనఁబడుచున్నది. ‘కుల్య’ కెనాలునకును ‘ప్రణాళి’ చానెలునకును ఎంత సన్నిహితములో చదువరులే చూడఁగలరు. నామలింగానుశాసనమును వల్లించిన మనము ఈ రెంటిని ఒక్క ‘కాలువ’తో సరిపెట్టుట వింతయే.

అంతకన్న వింత యేమనఁగా, ‘ప్రణాళి’నుండి వచ్చిన ‘ప్రణాళిక’ నేఁటి తెలుఁగున నీటిని పూర్తిగా విడిచి, పని జరుగవలసిన క్రమమునకు పేరైనది. పంచవర్షప్రణాళిక లనునపుడు జలవాసన లేశమును లేదు. నీటిత్రోవ పనిత్రోవ యైనది. ఆంగ్లమున ‘చానెల్’ కచేరీలోనికి నడచినట్లే, ఇచట ‘ప్రణాళి’యు నడచినది. రెండు భాషలును తమలో తాము సంప్రదింపకయే యొక్క త్రోవను పట్టుట ఈ పదము మార్గవాచి యనుటకు ప్రబలసాక్ష్యము.

4. అనువాదదోషమునకు జగత్ప్రసిద్ధోదాహరణము

ఈ రెండు పదములను కలిపివేయుటవలన ఏమి పుట్టునో ఖగోళశాస్త్ర చరిత్రము చెప్పుచున్నది. ఇటలీదేశపు జ్యోతిర్వేత్త స్క్యాపరెల్లి 1877లో అంగారకగ్రహమును దూరదర్శినితోఁ జూచి, దానిమీఁద సన్నని గీతలవంటివి కనఁబడెనని వ్రాసి, వానికి ‘కనాలి’ యని పేరు పెట్టెను. ఇటాలియను భాషలో ఆ పదము స్వాభావికమైన పాయకును త్రవ్విన కాలువకును చెల్లును. ఆంగ్లమున అది ‘కెనాల్స్’ అని వ్యాపించినది. కెనాలున్నచోఁ ద్రవ్వినవాఁ డుండవలయును గదా! అమెరికాదేశపు పెర్సివల్ లోవెల్ ఎండిపోవు గ్రహమునందలి బుద్ధిమంతులగు ప్రాణులు ధ్రువములనుండి నీరు తెచ్చుకొనుటకు వానిని త్రవ్విరని వాదించి, 1895లోను 1906లోను గ్రంథములు ప్రకటించెను. అతని వాదమునకు పదమొక్కటియే కారణమనుట న్యాయము గాదు, కన్నులుకూడ మోసగించినవి. కాని ‘చానెల్స్’ అని యుండినచో లోకము అంత సులభముగా నమ్మియుండదు.

1965లో మేరినర్ 4 అను నౌక పంపిన ఛాయాచిత్రములలో కెనాళ్లు లేవు. 1971–72లో ఆ గ్రహమును చుట్టిన మేరినర్ 9 మాత్రము పూర్వకాలమున ద్రవము పాఱి కోసిన పెద్దపెద్ద యెండు త్రోవలను చూపినది. వానిని శాస్త్రజ్ఞులు ‘చానెల్స్’ అనుచున్నారు. కెనాళ్లు లేని గ్రహమున చానెళ్లు కలవు. రెండింటికిని ‘కాలువ’ యని వ్రాసిన తెలుఁగుపుస్తకమున ఈ చరిత్రము అర్థమే కాదు. ‘అంగారకునిమీఁద కాలువలు లేవు, కాలువలు కలవు’ అని వ్రాయవలసివచ్చును.

5. పెనుకొండ నీటికై 1388 నాటి శాసనము

దూరగ్రహమున జరిగినది మన శాసనములయందును జరుగుచున్నది. శకము 1310, అనఁగా క్రీస్తుశకము 1388 నాటి శాసన మొకటి హిందూపురమునకు దక్షిణమున, నేఁటి కర్ణాటకములోని గౌరీబిదనూరు తాలూకాలోఁ గలదు. రెండవ హరిహరరాయల కుమారుఁడు ప్రతాపబుక్కరాయఁడు పెనుకొండలో నుండి, ప్రజలు సుఖముగా నుండవలెనని, హెన్నెనదిని, అనఁగా పెన్నను, పెనుకొండకుఁ దేవలసినదని ‘జలసూత్ర’వేత్తయగు సింగాయభట్టున కాజ్ఞాపించెను. ఆ సింగాయభట్టు సిరువెర చెఱువునకు కాలువ తీసి, దానికి ప్రతాపబుక్కరాయమండల మను పేరుతో ప్రఖ్యాతి కలిగించి శాసనము వ్రాయించెను. ఎపిగ్రాఫియా కర్ణాటికా 10వ సంపుటమున, 1905లో, లూయిస్ రైసు దీనిని ప్రకటించి, ఆ కాలువకు ఆంగ్లమున ‘చానెల్’ అను పదమునే వాడెను.

రైసు పదము ఉచితమైనది. ఆ కాలమునాఁటి జలకార్యములలో నదికిని చెఱువునకును నడుమ నుండు త్రోవయే కాలువ. అది స్వతంత్రమైన కట్టడము గాదు. నది దేహము, చెఱువు పాత్రము, కాలువ నడక. కడపసీమలోని పోరుమామిళ్ల శాసనము, 1369 నాఁటిది, మంచి చెఱువునకుఁ గావలసిన పండ్రెండు సాధనములను లెక్కించుచు తీపినీటి నదినిగూడ వానిలోఁ జేర్చినది. నదియే చెఱువునకు అంగ మని వారి భావము.

కాని తరువాతి రచనలలో కొన్నిట ఈ ‘చానెల్’ కెనాల్ గా మాఱినది. పెనుకొండదాఁక త్రవ్విన గొప్పకెనాల్ గా వర్ణింపఁబడినది. ఇచట దోషములు రెండు. మొదటిది పదదోషము: నేఁటి చదువరికి ‘కెనాల్’ అనఁగానే గోదావరీ కృష్ణా మండలములందలి 19వ శతాబ్దపు కాలువలు, వాని లాకులు, పడవలు మనస్సునకు వచ్చును. సింగాయభట్టు పనికి ఆ రూపము నాపాదించుట కాలవిరుద్ధము. రెండవది వస్తుదోషము: నదిని పెనుకొండకుఁ దేవలయుననుట ఆజ్ఞలోని మాట, సిరువెర చెఱువునకు కాలువ తీసెననుట కార్యములోని మాట. కోరినదానికిని చేసినదానికిని గల దూరమును శాసనము దాఁచలేదు. ‘కెనాల్’ అను ఘనపదము ఆ దూరమును మ్రింగివేయుచున్నది. పూర్వుల కీర్తిని పెంచుచున్నామనుకొని వారి వాస్తవమైన నేర్పును మఱుఁగుపఱచుట చరిత్రసేవ గాదు.

6. ఊటకాలువ

ఇపుడు ఈ భేదము కేవలము పండితవివాదము గాదని చూపుటకు ఊటకాలువను చెప్పవలయును. అనంతపురసీమలో సాలునకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతముననే వాన కురియును. పెన్నలో వరదనీరు కొన్నినాళ్లే పైకిఁ గనఁబడును. తక్కిన కాలమున ఏఱు ఇసుకబయలు. కాని యిసుకక్రింద నీరు మెల్లగా పాఱుచునే యుండును. ఆ నీటిని గ్రహించుటకు మన రైతులు కనిపెట్టిన యుపాయమే ఊటకాలువ. ఏటినడుమ ఎగువను ఊటతగులు లోఁతుదాఁక త్రవ్వి, అచ్చటనుండి ఏటివాలుకంటె తక్కువవాలుగా గండి తీసికొని దిగువకు నడిపింతురు. ఏఱు వేగముగా దిగును, కాలువ మెల్లగా దిగును. కావున కొంతదూరము పోవునప్పటికి లోఁతుననున్న నీరు గట్టుమట్టమునకు వచ్చి పొలమునెక్కును. ఏతముగాని కపిలగాని అక్కఱలేదు. సరిహద్దున కావలనున్న పావగడ, మధుగిరి ప్రాంతములలో ఇటువంటి ఊటలకు తలపరిగె లని పేరు.

ఇది కెనాలా? దీనికి స్థిరమైన గట్లు లేవు, రాతికట్టడము లేదు. వరద వచ్చిన ప్రతిసారియు ఇసుకతో పూడిపోవును. ఆయకట్టుదారులు కూడి మరల త్రవ్వుదురు. త్రవ్వుటచేతనే అది యున్నది. ఒకయేఁడు పని మానినచో అది లేదు. కట్టడముగా దానిని చూపఁజాలము. ఏటేఁట నిలుపుకొను నీటినడకగానే చూపఁగలము. ఆంగ్లాధికారులు దీనిని ‘స్ప్రింగ్ చానెల్’ అనుటలో వారి భాషాజ్ఞానము తప్పలేదు.

ఆ సమష్టిశ్రమకే కుడిమరామత్తని పేరు. 1858 నాఁటి మద్రాసు నిర్బంధశ్రమచట్టము గండ్లు పడినపుడు గ్రామస్థులు పనికి రావలయుననియు, ఆచారముననుసరించి చేయవలసిన పనిని మానినవారు సొమ్ము చెల్లింపవలయుననియు విధించినది. చెఱువుల విషయమును ఇట్టిదే. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణపు చెఱువు, ధర్మవరపు చెఱువు ఎంత పెద్దవైనను, నీరు చేర్చు వరవకాలువ పూడినచో అవి వట్టి బయళ్లు. చెఱువునకు కట్ట కీర్తి, వరవకాలువ ప్రాణము.

7. చట్టమునందు భేదము

పదభేదమునకు చట్టమున ధనరూపమైన ఫలము కలదు. 1873 నాఁటి ఉత్తరహిందూస్థానపు కెనాల్, డ్రెయినేజి చట్టము ‘కెనాల్’ అను పదమును నిర్వచించుచు, నీటిసరఫరాకై సర్కారు నిర్మించినవి, పోషించునవి, తన యాజమాన్యమున నుంచుకొనునవి యగు కాలువలను, చానెళ్లను, జలాశయములను అందుఁ జేర్చినది. కెనాల్ నుండి నీరు గ్రహించుచు సర్కారు ఖర్చుతో పోషింపఁబడని చానెలునకు వేఱుగా ‘వాటర్‌కోర్స్’ అను పేరు పెట్టినది. గమనింపుఁడు: ఇచట భేదకము వెడల్పు గాదు, త్రవ్విన చేయియు గాదు, పోషించు చేయి. సర్కారు పోషించిన చానెల్ సైతము కెనాలున లీనమగును.

మన దక్షిణమున 1865 నాఁటి మద్రాసు నీటితీర్వచట్టము వేఱొకతీరున నడచినది. సర్కారునకు చెందిన లేదా సర్కారు నిర్మించిన నది, యేఱు, చానెల్, చెఱువు మున్నగువానినుండి నీరు తీసికొన్నచో తీర్వ వేయవచ్చునని విధించినది. చానెల్ నదికిని చెఱువునకును తోడుగా లెక్కింపఁబడినదే కాని సర్కారు కట్టడముల వరుసలోనే చేరినది కాదు. కావుననే చానెల్ ఎవరిది, అందలి నీరు ఎవరిది యను ప్రశ్న పుట్టినది. వంశధారమీఁది ఉర్లాము జమీందారీ వ్యాజ్యమున నది సర్కారుది గావున దాని నీటికి తీర్వ కలదని యొకపక్షమును, శాశ్వతపైసలాకు పూర్వమునుండి తమ చానెళ్లకు వచ్చు నీటికి తీర్వ లేదని మఱొకపక్షమును వాదించెను. 1917లో ప్రీవీకౌన్సిలు జమీందారుపక్షమున తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమునందలి ప్రతి ‘చానెల్’కును తెలుఁగున ‘కాలువ’ యని మాత్రమే వ్రాసి, సర్కారు కెనాళ్లకును అదే పదము వ్రాసినచో, వాదమునకు ఆధారమే మాయమగును.

8. భేదలోపమువలన నేఁటి హాని

బోరుబావులు విస్తరించి భూగర్భజలము దిగిపోయినందునను, ఏటియిసుక బండ్లకెక్కినందునను ఊటకాలువలు పెక్కు ఎండినవి. ఇసుకత్రవ్వకమునకు 2002 నాఁటి నీరు, భూమి, చెట్ల చట్టము కట్టుబాట్లు పెట్టినది. అయితే పాత రికార్డులో ‘స్ప్రింగ్ చానెల్’ అని యుండఁగా అనువాదమున ‘కాలువ’ యని మాత్రమే వచ్చినదనుకొందము. దానిని చేతఁబట్టుకొని చూడఁబోయిన యధికారి గట్లుగల కాలువను వెదకును. ఏటిలో ఇసుక తప్ప మఱేమియు కనఁబడదు. ‘ఇచట కాలువ లేదు’ అని వ్రాయును. ఇసుకయే ఆ కాలువకు కొట్టాయి, ఇసుకను త్రవ్వుట కాలువను త్రవ్విపాఱవేయుట యని అతనికి ఆ పదము చెప్పదు. అట్లే వానలేని నాళ్లలో వరవకాలువ వట్టి పల్లపుపట్టీవలె నుండును. అది ప్రవాహమార్గమని పేరు చెప్పకున్నచో ఇండ్లస్థలముగాఁ గనఁబడును. కెనాలునకు నీరు లేకున్నను కట్టడము సాక్షి. చానెలునకు నీరు లేనపుడు పదమొక్కటియే సాక్షి. అందుచే ఆ పదమును పోఁగొట్టుట హక్కును పోఁగొట్టుటయే యగుచున్నది.

జనులనోట మాత్రము భేదము నశింపలేదు. తుంగభద్రనుండి వచ్చు ఎగువకాలువను, పెన్న అహోబిలము జలాశయమునుండి తీసిన ధర్మవరపు కుడికాలువను, పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు కృష్ణానీటిని చేర్చు హంద్రీనీవాను రైతులు ‘కెనాలు’ అనుట తఱచు. తమ యూరిదానిని ‘కాలువ’ యనియే యందురు. సర్కారుదానికి సర్కారుభాషలోని పేరు, తమదానికి తమ భాషలోని పేరు. నిఘంటుకారుఁడు చెఱిపినదానిని కాపువాఁడు కాపాడెను.

9. ఆక్షేపసమాధానములు

‘కాలువ’ సామాన్యపదము, సామాన్యమున విశేషము లిమిడియుండును గదా, దోషమేమి? అని యొక యాక్షేపము. సమాధానము: ఇమిడియుండుట వేఱు, తెలియుట వేఱు. ‘పశువు’న ఎద్దును గేదెయు నిమిడియున్నను, ఎద్దును కొన్నవానికి గేదెను తోలిపెట్టరాదు.

ఆంగ్లవ్యవహారముననే యీ పదములు కలగలుపుగా వాడఁబడుచుండఁగా మనకేల యింత పట్టుదల? అని రెండవ యాక్షేపము. నిజమే, కెనాల్ శాఖలను చానెళ్లనుట కలదు, గ్రామపు చానెలును కెనాలనుటయుఁ గలదు. కాని ఆంగ్లగ్రంథకర్త కలిపినచోట అనువాదకుఁడు కలుపవచ్చును. వేఱుచేసినచోట కలుపుట కతని కధికారము లేదు.

క్రొత్తపదములు సృష్టింపవలసివచ్చునని మూఁడవ యాక్షేపము. ఆ యక్కఱ లేదు. కుల్యను, ప్రణాళిని మరల వ్యవహారమునకుఁ దెమ్మని నేను చెప్పను. ‘ప్రణాళి’ని చూచి నేఁటి చదువరి పథకమనుకొనును. మన రైతుల పలుకుబడిలోనే కావలసిన పదములున్నవి. తెలుఁగు ఈ భేదమును ధాతువుచేత గాక విశేషణముచేత తెలుపును. ఊటకాలువ, ఏటికాలువ, వరవకాలువ, పంటకాలువ, పిల్లకాలువ: ఇందలి ప్రతి పూర్వపదమును నీరు ఎచ్చటనుండి వచ్చుననియో ఎచ్చటికిఁ బోవుననియో చెప్పుచున్నది. ఆంగ్లమున ‘చానెల్’ చెప్పగలిగినదానికంటె ఇది యెక్కువ.

10. సిద్ధాంతము

కావున అనువాదకులు పాటింపఁదగిన నియమము లివి. ‘కెనాల్’ జలనిర్మాణమైనపుడు దాని స్వంతపేరుతోఁ జేర్చి ‘కాలువ’ యనవచ్చును. శరీరభాగమైనపుడు ‘నాళము’ అనవలయును. ‘చానెల్’ నేలమీఁద త్రవ్వినదైనపుడు ఒంటి ‘కాలువ’ యని యెన్నఁడును వ్రాయరాదు. ఊట, ఏఱు, వరవ మున్నగు విశేషణము తప్పక చేర్పవలయును. సముద్రమున ‘పాయ’ యనియు, నదిలో ‘ప్రవాహమార్గము’ అనియు, కచేరీలో ‘ద్వారము’ అనియు వ్రాయవచ్చును. విశేషణము నిర్ణయించుటకు మూఁడు ప్రశ్నలు చాలును: నీరు ఎచ్చటిది, ఎచ్చటికిఁ బోవును, దానిని ఏటేఁట పోషించువా రెవరు? మూఁడవప్రశ్నకు ఉత్తరము తెలియనిచో గ్రంథముననే వెదకవలయును, ఊహింపరాదు.

పాఠశాలా పండితులకు నా మనవి యొక్కటి. ఈ రెండు పదములను పిల్లలకుఁ జెప్పునపుడు పర్యాయపట్టికలో వ్రాయింపకుఁడు. వారి యూరి చెఱువునకు నీరు వచ్చు త్రోవను చూపి, ‘దీనికి మీ యింట పెద్దలు ఏమి పేరు చెప్పుదురు?’ అని యడుగుఁడు. హిందూపురమునను పెనుకొండలోను ధర్మవరమునను ఆ పేర్లు ఇంకను కొందఱు వృద్ధుల నోళ్లలో నున్నవి. వానిని సేకరించి ఊరిపేరుతోను అర్థముతోను అచ్చువేయుట పరిశోధకమండలులకు తగిన పని. నీరు తగ్గిన కాలువను మరల త్రవ్వవచ్చును; పేరు పోయిన కాలువను త్రవ్వవలయునని తోఁచువాఁ డెవఁడు? పండితులు విచారింతురు గాక.